‘మెకాలే చదువు’ మన జిల్లాల మాటేనా?

దేవరకొండ నుంచి ప్రశ్న: పిల్లల ఇంగ్లీషు మీడియం పుస్తకాలు కనిపిస్తే చాలు, మా బాబాయి ‘మెకాలే చదువులు’ అని విసుక్కుంటారు. నల్లగొండలో మన తాతలు చదివింది కూడా ఆ చదువేనా అన్నా?

వనపర్తి నుంచి జవాబు: కాదు తమ్ముడూ. ఆ తిట్టు మనకు పక్కింటి నుంచి వచ్చింది. 1813 చార్టరు చట్టం చదువుల కోసం ఏటా లక్ష రూపాయలు కేటాయించింది. ఆ సొమ్ము సంస్కృతం, అరబ్బీలకా, ఇంగ్లీషుకా అన్న తగువులోనే గవర్నర్ జనరల్ సలహామండలి సభ్యుడైన మెకాలే 1835 ఫిబ్రవరి 2న ఇంగ్లీషు తరఫున తన వాదన రాసి ఇచ్చాడు. మార్చిలో గవర్నర్ జనరల్ బెంటింక్ ఇంగ్లీషు వైపు మొగ్గాడు. అదంతా కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఏలిన నేల సంగతి. నల్లగొండ, పాలమూరు నిజాం రాజ్యంలోవి.

మన దగ్గర 1880ల్లో పారసీ స్థానంలో ఉర్దూ సర్కారు భాష అయింది. బడుల పేర్లే తహ్తానియా (ప్రాథమిక), వస్తానియా (మాధ్యమిక), ఫౌఖానియా (ఉన్నత). ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడికి వెళ్లి కూడికను జమా, తీసివేతను తఫ్రీఖ్, గుణకారాన్ని జర్బ్, భాగహారాన్ని తక్సీమ్ అని వల్లె వేయాలి. మీ తాతగారి తరం వాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి, ఎక్కాలు ఉర్దూలోనే అప్పజెబుతారు. 1918లో ఏర్పడిన ఉస్మానియాలోనూ బోధన ఉర్దూలోనే, ఇంగ్లీషు ఒక పాఠ్యాంశం మాత్రమే. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా 1887లో వచ్చిన నిజాం కాలేజీ ఉన్నా, అది పట్నంలో కలిగినవాళ్లకు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి గారు మన పాలమూరు మనిషే. ఆ సభలు అడిగింది తెలుగులో చదువు. అప్పుడు అడ్డు నిలిచింది ఇంగ్లీషు కాదు.

ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది 1948 తర్వాత, అంటే తెల్లదొరలు ఓడెక్కి వెళ్లిపోయాక! దానికి మెకాలేను తిట్టి ఏం లాభం?

దేవరకొండ: మరి ‘దేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనిపించలేదు’ అని ఆయన పార్లమెంటులో అన్నట్టు వాట్సాప్‌లో తిరుగుతోందే? తేదీ కూడా అదే, 1835 ఫిబ్రవరి 2 అని వేశారు.

వనపర్తి: ఆ తేదీకి ఆయన ఉన్నది ఇండియాలో. లండన్ పార్లమెంటులో ఎలా మాట్లాడతాడు? ఆ రోజు ఆయన రాసిచ్చిన అసలు కాగితంలో ఉన్నదే చాలినంత ఘాటు. ఒక మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక్క అరలోని పుస్తకాలు ఇండియా, అరేబియాల సాహిత్యమంతటికీ సరితూగుతాయన్నాడు. తనకు సంస్కృతం గానీ అరబ్బీ గానీ రాదని అందులోనే ఒప్పుకున్నాడు కూడా. బాబాయికి అది చదివి వినిపించండి.