అప్‌డేట్: మందు వేసినా కణాలు ఎందుకు విడిపోయాయో తెలిసింది

కణంలో లాగే పని చేసే మోటారు ప్రొటీన్ మయోసిన్-2ని ఆపే బ్లెబ్బిస్టాటిన్ అనే మందు వేసినా నా హీలా కణాలు (ల్యాబులో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) మామూలుగానే రెండుగా విడిపోతున్నాయి, ఎందుకని పోయిన వారం అడిగాను కదా. తప్పు మందుది కాదు, నా లైటుది. జీఎఫ్‌పీ (నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్) కనబడాలని రెండు నిమిషాలకోసారి 488 నానోమీటర్ల నీలి లేజర్ వేస్తున్నాను, ఆ వెలుగు తగిలితే బ్లెబ్బిస్టాటిన్ పనిచేయడం మానేస్తుంది, పైగా కణాలకు విషంగా కూడా మారుతుంది. లైటు సంగతి చూసుకోమని చెప్పినవాళ్లకు నిజంగా రుణపడి ఉన్నాను, లేకపోతే ఇంకో నెల డోసు పెంచుకుంటూ కూర్చునేదాన్ని.

ఈసారి వెలుగుకు తట్టుకునే పారా-నైట్రోబ్లెబ్బిస్టాటిన్ వాడాను. కణం గుండ్రబడింది, క్రోమోజోములు చెరో పక్కకీ వెళ్లాయి, ఇక నడుము దగ్గర నొక్కుకోవాలి కదా, అక్కడే ఆగిపోయింది! కాసేపటికి మళ్లీ చదునుగా పరుచుకుంది, లోపల రెండు కేంద్రకాలు పక్కపక్కనే. ఆ నడుము దగ్గర రోఏ అనే ప్రొటీన్ ఒకవైపు ఫార్మిన్లనే ప్రొటీన్లతో ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు అల్లిస్తుంది, ఇంకోవైపు రాక్ ఎంజైముతో మయోసిన్‌ని లేపుతుంది. అంటే నడుము చుట్టూ ఆ పోగుల వలయం తయారవుతుంది, కానీ దాన్ని బిగించి లాగేది మయోసినే.

తర్వాత రాక్‌ని ఆపే వై-27632 వేసి చూస్తాను.