అమ్మకు అన్నదాత డబ్బులు పడట్లేదు, ఆధార్ లింక్ అయ్యే ఉంది. ఇంకేం చేయాలి?

పల్నాడు అబ్బాయి:
తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని మీద తిరుగుతున్నా, ఇప్పుడు రాత్రి పదిన్నర. అమ్మకు రైతు డబ్బులు పడటం లేదు. ఆగస్టులో పడలేదు, నవంబర్‌లోనూ పడలేదు. మా వీధిలో అందరికీ పడ్డాయి. బ్యాంకులో అడిగితే ఆధార్ లింక్ అయ్యే ఉందన్నారు. పొలం ఉంది, పాస్‌బుక్ ఉంది. స్టేటస్ తెరిస్తే ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని నిర్ధారించడం) 'నో' అని చూపిస్తోంది. సరే అదొక్కటి చేయిద్దామని అమ్మను సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లా. వేలిముద్ర పడదు. ఎనిమిది సార్లు పెట్టించారు. పెట్టిన ప్రతిసారీ అమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని, నోటితో ఊదుకుని, ఆ ఎర్ర లైటు మీద ఆనించి మా మొహాలు చూడటం, మ్యాచ్ కాలేదని రావడం. చివరికి "మిరపకాయలు కోసి కోసి గీతలు పోయాయిరా, వదిలెయ్" అంది. హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చా. రేపు రాత్రికి బస్సు. చాలా టెన్షన్‌గా ఉంది. వేలిముద్ర పడాలంటే ఏం చేయాలి?

సూటిమాట:
ఏ పథకం? కేంద్రానిదా, రాష్ట్రానిదా? స్టేటస్‌లో మిగతా లైన్లు ఏమున్నాయి? అవి రాయకుండా ఎవరూ చెప్పలేరు.

సర్వీస్ సెంటర్ అన్న:
తమ్ముడూ, పెద్దవాళ్లకు ఇది రోజూ ఉండేదే. చేతులు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, కాస్త వ్యాసలిన్ రాసి తుడిచి పెట్టించు. బొటనవేలు పడకపోతే ఉంగరం వేలు ప్రయత్నించాలి, దానికి పనిలో అరుగుదల తక్కువ. అసలు వేలే అక్కర్లేదు, పీఎం కిసాన్ యాప్‌లో మొహం చూపించి ఈకేవైసీ చేసే పద్ధతి 2023లోనే వచ్చింది. మీ అమ్మగారిని వెలుతురులో కూర్చోబెట్టి ఫోన్‌లోనే చేసెయ్, ఎక్కడికీ తిరగక్కర్లేదు. మిరప ఊళ్లలో నేను చేసేవి సగం మొహంతోనే.

కౌలు రైతు గోడు:
మీ బాధ అర్థమైంది కానీ ఒక మాట అడుగుతా. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. ఆ పొలం ఎవరు చేస్తున్నారు? మా ఊళ్లో సగానికి పైగా భూమి కౌలుకే నడుస్తోంది. దున్నేది మేము, మందు కొట్టేది మేము, అప్పు తెచ్చేది మేము. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం అన్నారు, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం అన్నారు. ఆ చట్టం కింద కార్డు కావాలంటే 11 నెలల ఒప్పంద పత్రం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆ కాగితం అడిగితే చాలు, వచ్చే ఏడాది పొలం వేరేవాళ్లకు ఇస్తానంటారు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇంక బయట వడ్డీకి తేవడమే. పోయినేడు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మూడు ఎకరాల్లో మూడుసార్లు మందు కొట్టాను, ఒక్క రూపాయి సాయం నా పేరున రాలేదు. ఈ గుంపులో ఎప్పుడు చూసినా డబ్బులు పడలేదనే పోస్టులే. అసలు పడే అవకాశమే లేనివాళ్ల గురించి ఎవరూ రాయరు.

పల్నాడు అబ్బాయి:
అన్నా, పొలం ఎవరికీ ఇవ్వలేదు. ఎకరా ముప్పై సెంట్లు, అమ్మే చేస్తోంది. మీరు చెప్పింది నిజమే, మా బాబాయిది కూడా కౌలు సేద్యమే.
సూటిమాట గారూ, మాది ఆంధ్రానే. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ రెండూ కలిపి పడే 7,000 గురించి అడుగుతున్నా. స్టేటస్‌లో ల్యాండ్ సీడింగ్ (పొలం వివరాలు జతకావడం) 'ఎస్', ఈకేవైసీ 'నో', ఆధార్ బ్యాంక్ సీడింగ్ 'ఎస్'.
సర్వీస్ సెంటర్ అన్నా, మొహంతో కూడా చేసి చూశా. అదీ మ్యాచ్ కాలేదు. ఇంట్లో లైటు తక్కువని వాకిట్లోకి తెచ్చి మళ్లీ చేశా. అప్పుడూ అంతే.

లెక్కల మాస్టారు:
మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం అంటున్నారు. ఇన్‌కంటాక్స్ కడుతున్నారా? కడితే మీ అమ్మగారికి రాదు. అదే కారణం అయి ఉంటుంది. నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

బ్యాంకు కౌంటర్:
మాస్టారూ, అది మళ్లీ చూసుకోండి. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. ఉద్యోగం చేసే కొడుకు అందులోకి రాడు. కిందటి అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను కట్టినవాళ్లకు లేదన్నది నిజమే, కానీ అది ఆ కుటుంబం లోపల లెక్క. ఇక రాష్ట్రం ఇచ్చే భాగానికి షరతులు ఎలా ఉన్నాయో రైతు సేవా కేంద్రంలో అడగాలి.
తమ్ముడూ, నీకు ఇంకో సంగతి. బ్యాంకులో "లింక్ అయింది" అంటే నమ్మి ఊరుకోవద్దు. లింక్ వేరు, సీడింగ్ వేరు. ఖాతాకు ఆధార్ నంబర్ ఎక్కించడం లింక్. అది ఆ బ్యాంకు లోపలి వ్యవహారం. ప్రభుత్వ డబ్బు ఆధార్ మీద రావాలంటే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) వాళ్ల మ్యాపర్ అనే జాబితాలో నీ ఆధార్ ఎదురుగా ఆ బ్యాంకు ఉండాలి. అందులో ఖాతా నంబరు ఉండదు, ఏ బ్యాంకు అన్నదే ఉంటుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. ఆఖరుగా ఏ బ్యాంకులో సమ్మతి పత్రం ఇస్తే డబ్బు అక్కడికే పోతుంది. మా కౌంటర్ ముందు వారానికి పదిమందైనా ఇదే గందరగోళంతో నిలబడతారు. డబ్బు ఎప్పుడో వేరే బ్యాంకులో పడి ఉంటుంది, ఆ పాస్‌బుక్ ఎక్కడుందో వాళ్లకే గుర్తుండదు.

సర్వీస్ సెంటర్ అన్న:
లింక్ అన్నా సీడింగ్ అన్నా జనం దృష్టిలో ఒకటే సార్. మాటల తేడా చెప్పి మనుషుల్ని భయపెట్టడం ఎందుకు? పదేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఎవరొచ్చినా లింక్ అనే అడుగుతారు.

బ్యాంకు కౌంటర్:
ఒకటి కాదు కాబట్టే చెబుతున్నా. లింక్ చేయమని అడిగితే కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఖాతాకు ఎక్కించి పంపేస్తారు. "డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి" అని అడిగితేనే వేరే ఫారం ఇస్తారు. ఆ ఒక్క మాట తెలియక ముసలివాళ్లు మండలానికి మూడుసార్లు ఆటో కట్టించుకుని వస్తున్నారు.

సర్వీస్ సెంటర్ అన్న:
అయితే ఆ ఒక్క మాట బ్యాంకువాళ్లే అడగొచ్చు కదా, "దేనికి లింక్" అని. చదువుకోని మనిషికి సీడింగ్ అనే మాట ఎట్లా తెలుస్తుంది?

బ్యాంకు కౌంటర్:
అది ఒప్పుకుంటా. అడగాలి.

సూటిమాట:
మీరిద్దరూ ఆగండి. అతని స్టేటస్‌లో బ్యాంక్ సీడింగ్ 'ఎస్' అని ఉంది. సమస్య అది కాదు.
వేలూ పడలేదు, మొహమూ పడలేదు. అసలు ఆ స్టేటస్‌లో పేరు ఎవరిది?

పల్నాడు అబ్బాయి:
పేరు నాన్నదే ఉంటుంది కదా. ముందు నుంచి నాన్న పేరు మీదే వచ్చేవి. ఆ ఫోన్ ఇప్పుడు అమ్మ వాడుతోంది, స్టేటస్ ఓటీపీ దానికే వస్తుంది. ఈకేవైసీ ఓటీపీ మాత్రం రావట్లేదు, నాన్న ఆధార్‌లో ఉన్నది పాత నంబరు, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. అందుకే వేలిముద్రకు వెళ్లాం. నాన్న లేరు కాబట్టి అమ్మతో పెట్టించాం.

సూటిమాట:
ఇది మొదటి లైన్‌లో రాయాల్సింది.

పాత వీఆర్వో:
బాబూ, నాన్నగారు ఎప్పుడు కాలం చేశారు? పొలం అమ్మ పేరు మీదికి ఎట్లా మారింది? మార్చుకున్నారా, ఇంకా ఆయన పేరుతోనే ఉందా?

పల్నాడు అబ్బాయి:
2022లో, ఉగాది వెళ్లిన వారానికి. గుండెపోటు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, ఇక్కడ విడిగా రాయాలని తట్టలేదండీ. పొలం మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయిపోయింది, రెండేళ్లవుతోంది. 1బీలో (భూమి హక్కుల రికార్డులో) అమ్మ పేరే ఉంది. పొలం మారింది కాబట్టి డబ్బులు కూడా అమ్మకు మారతాయనుకున్నాం. ఆ తర్వాత డబ్బులు రాకపోయినా ఇన్నాళ్లూ ఎవరం పట్టించుకోలేదు. ఈ ఏడు పక్కింటి పిన్నికి 7,000 పడ్డాయంటే అమ్మ అడిగింది.

పాత వీఆర్వో:
ఇప్పుడు అర్థమైంది. నువ్వు పొద్దుట్నుంచి చేస్తున్నది నాన్నగారి ఆధార్‌కు అమ్మగారి వేలు పెట్టించడం. అది ఎనిమిది సార్లు కాదు, ఎన్నిసార్లు పెట్టినా కలవదు, కలవకూడదు కూడా. అమ్మగారి చేతిలో లోపమేమీ లేదని ముందు ఆవిడకు చెప్పు. ఆ ప్రయత్నం మళ్లీ చేయొద్దు, అడిగినా ఎవరినీ చేయనివ్వొద్దు.

పొలం రికార్డు వేరు, పథకం రికార్డు వేరు. వెబ్‌ల్యాండ్‌లో, అంటే ఆన్‌లైన్ భూమి రికార్డులో, పేరు మారినంత మాత్రాన పీఎం కిసాన్‌లో నమోదు దానంతట అది మారదు. అక్కడ నాన్నగారి నమోదును మరణం కింద మూయించాలి, అమ్మగారి పేరున కొత్త నమోదు చేయించాలి. అర్హతకు తేదీ 2019 ఫిబ్రవరి 1. ఆ రోజుకు భూమి ఎవరి పేరున ఉందో వాళ్లకే. ఆ తర్వాత కొన్నా, దానంగా రాయించుకున్నా కుదరదు. యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. మీది సరిగ్గా అదే. కాబట్టి దరఖాస్తులో భూమి ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అన్నచోట భర్త మరణం వల్ల అని ఎంచుకోవాలి. పాత యజమాని ఆధార్ నంబరూ అడుగుతుంది. అందుకే ఆ కార్డు జాగ్రత్తగా ఉంచండి. చాలామంది ఆ గడి దగ్గర తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు. కొనుగోలు అని పడిందా, తిరస్కరిస్తారు. మళ్లీ సరిచేయించడానికి నెలలు పడుతుంది. నా సర్వీసులో ఇట్లాంటివి చాలా చూశాను. భర్త పోయిన ఏడాదిలో ఆడమనిషి కాగితాల కోసం తిరగదు, కొడుకులు పట్నంలో ఉంటారు. తిరిగే ఓపిక వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

రేపు పొద్దున్నే రైతు సేవా కేంద్రానికి వెళ్లు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, 1బీ నకలు, పాస్‌బుక్, అమ్మగారి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లు. వ్యవసాయ సహాయకుడిని కలిసి రెండు విషయాలు విడివిడిగా అడుగు. ఒకటి పీఎం కిసాన్‌లో కొత్త నమోదు. రెండోది అన్నదాత సుఖీభవ జాబితాలో అమ్మగారి పేరు. ఒకటి అయితే రెండోది అయిపోయిందని అనుకోవద్దు. ఫార్మర్ రిజిస్ట్రీలో (రైతుల గుర్తింపు నమోదులో) అమ్మగారికి 11 అంకెల సంఖ్య వచ్చిందో లేదో కూడా చూడమను. రాకపోతే అక్కడే చేస్తారు.

ఇంకొకటి. 11వ విడత 2022 మే 31న విడుదలైంది. అప్పటికి నాన్నగారు లేరు. ఆయన ఖాతాలో ఆ 2,000 పడ్డాయేమో చూసుకో. పడితే తిరిగి కట్టాలి, పీఎం కిసాన్ సైట్‌లోనే వాపసు చేసే సదుపాయం ఉంది. అది అడ్డుపెట్టుకుని ఎవరూ ఇబ్బంది పెట్టకుండా మనమే ముందు చెప్పడం మంచిది.

బ్యాంకు కౌంటర్:
పెద్దాయన చెప్పింది సరైన దారి. అయితే నువ్వు చూసిన ఆధార్ సీడింగ్ 'ఎస్' కూడా నాన్నగారిదే. అమ్మగారి ఆధార్‌కు ఏ బ్యాంకు ఉందో ఇంకా తెలియదు. మై ఆధార్ సైట్‌లో ఆవిడ నంబరుతో లాగిన్ అయ్యి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడు. కుటుంబంలో మరణాన్ని తెలియజేసే సదుపాయం కూడా 2025లో అక్కడే పెట్టారు. నాన్నగారి ఆధార్ విషయం కూడా తీరిగ్గా చూసుకో.

పల్నాడు అబ్బాయి:
ఇప్పుడే చూశా. అమ్మ ఆధార్‌కు సీడింగ్ ఉంది కానీ మేం చూపించిన బ్యాంకు కాదు, వేరేది. అమ్మను లేపి అడిగితే, ఉపాధి హామీ పనికి వెళ్లేటప్పుడు తీసిన ఖాతా అంది. ఆ పాస్‌బుక్ బియ్యం డబ్బాలో ఉంది.

బ్యాంకు కౌంటర్:
ఖాతా నడుస్తుంటే అదే ఉంచుకోండి, మార్చక్కర్లేదు. ఏళ్లుగా వాడలేదంటే రేపు ఆ బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి తెరిపించండి. ముందు పాస్‌బుక్ ప్రింట్ వేయించి చూడండి.

కౌలు రైతు గోడు:
పాత వీఆర్వో గారూ, మీరు ఇంత తెలిసినవారు కాబట్టి అడుగుతున్నా. యజమాని చనిపోయి, వారసుల మధ్య తగాదాలో మ్యుటేషన్ ఆగిపోతే, ఆ పొలం కౌలుకు చేసేవాడి ఒప్పందం మీద సంతకం ఎవరు పెట్టాలి? రెండేళ్లుగా నాకు కార్డు లేదు.

లెక్కల మాస్టారు:
కుటుంబం లెక్క నేను తప్పుగా చెప్పాను. సరిచేసినందుకు ధన్యవాదాలు.

పల్నాడు అబ్బాయి:
రైతు సేవా కేంద్రంలో కాగితాలు ఇచ్చాం. భర్త మరణం అనే ఎంచుకున్నారు, పక్కన నిలబడి చూశా. ఈసారి అమ్మ ఆధార్‌కు అమ్మ వేలు మొదటిసారికే పడింది. 2022 మే 31న 2,000 పడ్డ మాట నిజమే, కడతాం. వచ్చే విడతకు వస్తుందో లేదో చూడాలన్నారు. బస్సు ఎక్కుతున్నా, అందరికీ థాంక్స్ అండీ.

ఖమ్మం మెట్ట:
మాదీ ఇదే పరిస్థితి, కానీ తెలంగాణ. నాన్న పోయాక రైతు బీమా 5 లక్షలు అమ్మకు వచ్చాయి, రైతు భరోసా కూడా ఎకరానికి పడుతోంది. పీఎం కిసాన్ ఒక్కటే ఆగింది. పొలం నాన్న బతికుండగానే 2020లో అమ్మ పేరున దానపత్రం రాశారు. అది వారసత్వం కిందికి వస్తుందా అండీ?