ఫెడరల్ ల్యాబ్‌ల మిగులు పరికరాలు ఎవరైనా తెచ్చుకున్నారా?

అమెరికాలో ఫెడరల్ ల్యాబ్‌లు (కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాలలు) తమకు అక్కర్లేని పరిశోధన పరికరాలను బడులకూ, లాభాపేక్ష లేని సంస్థలకూ ఉచితంగా ఇవ్వడానికి స్టీవెన్సన్-వైడ్లర్ చట్టం వీలు కల్పిస్తోంది. కంప్యూటర్లు బడులకు చేరాలని 1996లో ప్రెసిడెంట్ ఉత్తర్వు కూడా వచ్చింది. మాది పిల్లలకు సైన్స్ నేర్పే చిన్న సంస్థ. మైక్రోస్కోపులు, ఒక సెంట్రిఫ్యూజ్ (ద్రవాల నమూనాలను వేగంగా తిప్పి అందులోని పదార్థాలను వేరుచేసే యంత్రం) కావాలి.

నేరుగా ల్యాబ్‌కే రాయాలా, జీఎస్ఏ (ప్రభుత్వ మిగులు ఆస్తుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ) ద్వారా వెళ్లాలా? రవాణా ఖర్చు సాధారణంగా తీసుకునేవాళ్లదేనట, అది ఎలాగో సర్దుకుంటాం. టెన్షనంతా సెంట్రిఫ్యూజ్ గురించే. అందులో ఇదివరకు ఏం తిప్పారో ఎవరికి తెలుసు? పిల్లలు ముట్టుకునే వస్తువు మరి. శుభ్రం చేసినట్టు కాగితం వాళ్లే ఇస్తారా, మనమే పట్టుబట్టి అడగాలా? తెచ్చుకున్నాక పనికిరాకపోతే ఏం చేశారు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.