నాలుగు గంటలు వల వేసినా ఒక్క రొయ్య పడలేదు, ఎందుకు?

ఆదివారం పడవ:
నిన్న ఇంటిల్లిపాదీ పడవెక్కాము. నాలుగు గంటలు విసురువల వేశాను, భుజం పట్టేసింది. పడినవి మూడు జెల్లలు, గుప్పెడు పరిగెలు. రొయ్య ఒక్కటంటే ఒక్కటి లేదు. మా అత్తయ్య మసాలా కూడా నూరిపెట్టుకున్నారు. వల కొత్తది, మంచి దుకాణంలో కొన్నాను. తప్పు ఎక్కడుంది? వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.

ముక్కుసూటి:
ఎక్కడ? ఎప్పుడు? వల కన్ను ఎంత?

నెల్లూరు గాలి:
ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వేయండి. పోటు తీసే వేళ చూసుకుంటే రొయ్యలు దొరుకుతాయి.

ఆదివారం పడవ:
పోటేమిటండీ? మాది జమ్మలమడుగు. మైలవరం డ్యామ్ కాక ఇక్కడ వేరే ఏముంది?

గట్టు మీద:
రొయ్యల సంగతి తరువాత. ఎంతమంది ఎక్కారు? పిల్లలకు లైఫ్ జాకెట్లు వేశారా? విసురువల వేసేవాడు లేచి నిలబడతాడు, వల విసరగానే బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. పుట్టిలో అయితే మరీ ప్రమాదం. వల తాడు మణికట్టుకు బిగించి కట్టుకుంటే వలతోపాటు మీరూ నీళ్ళలో పడతారు. అసలు జలాశయంలో చేపలు పట్టడానికి మత్స్యశాఖ అనుమతి తీసుకున్నారా?

ఆదివారం పడవ:
పుట్టి కాదండీ, పడవ.

గట్టు మీద:
గుండ్రంగా ఉందా?

ఆదివారం పడవ:
గుండ్రంగానే ఉంది. కానీ ఫైబర్‌ది.

గట్టు మీద:
తోలు కప్పినా ఫైబర్ పోసినా పుట్టి పుట్టే.

నెల్లూరు గాలి:
మా వైపు దాన్ని ఎవరూ పడవ అనరు.

పెన్నా ఒడ్డు:
అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మీరు ఆశపడేది నీలకంఠ రొయ్య అనుకుంటాను. అది పెరిగేది మంచినీళ్ళలోనే అయినా, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. అందుకే తల్లి రొయ్య ఏటి వెంట సముద్రం వైపు దిగుతుంది, పిల్లలు మళ్ళీ ఎగువకు ఎక్కుతాయి. పెన్నాలో దిగువన సోమశిల ఆనకట్ట అడ్డంగా ఉంది. అది దాటి మైలవరానికి ఎలా వస్తాయి? ఎవరైనా రొయ్య పిల్లలను తెచ్చి వదిలితేనే ఉంటాయి. మంచినీళ్ళలోనే పిల్లలు పెట్టే చిన్న రొయ్యలు వేరే ఉన్నాయి. అవి పగలు రాళ్ళ సందుల్లో, నాచులో దాక్కుని చీకటి పడ్డాక మేతకు వస్తాయి. ఇంతకీ వల కన్ను ఎంతో చెప్పలేదు.

ఆదివారం పడవ:
బొటనవేలు దూరుతుంది. పదకొండింటి నుంచి మూడింటి దాకా వేశాను.

ముక్కుసూటి:
ఆ కన్నుకు చిన్న రొయ్య ఆగదు. పైగా మిట్టమధ్యాహ్నం. ఇంకేమి పడుతుంది?

పెన్నా ఒడ్డు:
సన్నకన్ను వల తీసుకుని, ఒడ్డున నాచు ఉన్న చోట తవుడు ముద్దలు వేసి చూడండి. అయితే రాత్రి పూట పిల్లలతో నీళ్ళలోకి వెళ్ళకండి.

గట్టు మీద:
మొదటి నుంచీ నేను చెబుతున్నది అదే.

ఆదివారం పడవ:
సరే, ధన్యవాదాలు. ఆ మసాలాతో అత్తయ్య జెల్లల పులుసు పెట్టేశారు.

గట్టు మీద:
జాకెట్ల సంగతి చెప్పలేదు.