తాతయ్య రత్నం పెన్నుకి పాలిష్ పెట్టించాలా, వద్దా?

కరణంగారి_మనవడు:
అందరికీ నమస్కారం. పాత ఇంకు పెన్నులు పోగేద్దామని ఈమధ్యే సరదా పుట్టింది. మొదటిది కొనకుండానే దొరికింది. మా తాతయ్య కరణం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఆయన పెన్ను ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయింది, మొన్న ఇల్లు సర్దుతుంటే బయటపడింది. రాజమండ్రి రత్నం పెన్ను, నల్ల ఎబొనైట్, అంటే గట్టి రబ్బరుతో చేసింది. నల్లదనడమే గానీ ఇప్పుడు గొట్టమంతా కాఫీ రంగుకి తిరిగింది. మూత చాటున ఉన్న మేరకే నలుపు మిగిలింది. వెనక కొసన పంటి గాట్లు ఉన్నాయి. కూడికలు తేడా వస్తే పెన్ను కొరకడం ఆయన అలవాటట.

నాన్న పాలిష్ పెట్టించి కొత్తదానిలా చేయించమంటున్నారు. బాగుచేసే ఒకాయన 600 అడిగాడు, గాట్లు కూడా పోతాయన్నాడు. నాకే మనసొప్పడం లేదు. ఎందుకని నాన్న అడిగితే చెప్పలేకపోయాను. మీరేమంటారు?

సిరాబుడ్డి:
నిక్షేపంగా పెట్టించండి. మూలన పడ్డ ఇత్తడి చెంబుని చింతపండేసి తోముకోమా? నా పార్కర్ 51 కొన్నప్పుడు ఒళ్లంతా గీతలే. పాలిష్ పెట్టించాక పెళ్లికొడుకులా తయారైంది. రోజూ ఆఫీసుకి తీసుకెళ్తాను. మాసిన పెన్నుని డబ్బాలో పెట్టి దండం పెట్టుకుంటే ఏం లాభం?

గోదారి_గట్టు:
సిరాబుడ్డి గారూ, 51ని దీనితో పోల్చకండి. 1941లో పార్కర్ వాళ్లు దాన్ని బజారులోకి తెచ్చినప్పుడు ఒళ్లు ఆక్రిలిక్‌తో చేశారు. పైనుంచి లోపలిదాకా ఒకటే రంగు, కాబట్టి పైగీతలు తీసేసినా రంగు మారదు. ఎబొనైట్ అలా కాదు. రబ్బరులో నూటికి పాతిక, ముప్పై పాళ్లు గంధకం కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి సరుకు అది. వెలుగు, తేమ తగిలేకొద్దీ పైపొరలోని గంధకం మార్పు చెంది రంగు తిరుగుతుంది. అంటే ఆ కాఫీ రంగు పైన పట్టిన మురికి కాదు, పెన్నే అలా అయింది. అది పోవాలంటే పెన్నునే అరగదీయాలి.

మనవడు గారూ, ఒక పని చేయండి. గొట్టాన్ని కిటికీ దగ్గర పక్కవాటుగా పట్టుకుని చూడండి. రత్నం అని, రాజమండ్రి అని చెక్కిన అక్షరాలు కనిపించాలి. లోతు తక్కువగా ఉంటాయి. పాలిష్ చక్రం కింద ముందు పోయేవి అవే. అక్షరాలు పోయాక అది రత్నమో కాదో ఎవరికి తెలుస్తుంది? పాత పెన్నుల బేరాల్లో కూడా మొదట చూసేది వాటినే.

సిరాబుడ్డి:
ఆయన అమ్మడానికి అడగలేదండీ, బేరం సంగతి మనకెందుకు? ఎబొనైట్ గొట్టం మందంగానే ఉంటుంది, పైన వెంట్రుకవాసి పోతే ఏమవుతుంది? అసలు లేతు మీద చేసిన రోజున వాళ్లు మాత్రం పాలిష్ పెట్టకుండా ఇచ్చారా? అక్షరాల మీద టేపు అంటించి మిగతా అంతా చేయించుకోవచ్చు.

గోదారి_గట్టు:
టేపు కింద ఒక చోట కాఫీ రంగు, చుట్టూ నలుపు. బొట్టు పెట్టినట్టుంటుంది.

అబిడ్స్_కుర్రోడు:
అన్నలూ, మీరు పాలిష్ దగ్గరే కొట్టుకుంటున్నారు. మనవడు ఈలోపు దాన్ని నీళ్లలో పడేస్తాడేమో, ముందు అది చెప్పండి. నేను చేసిన తప్పు అదే. ఎండిన ఇంకు వదులుతుందని ఒక పాత ఎబొనైట్ పెన్నుని మూతతో సహా గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా ఉంచాను. పొద్దున తీసి చూస్తే ఖాకీ రంగు. పోలీసు చొక్కా గుర్తొచ్చింది. ఇంకా వేడి నీళ్లయితే ఒంకర కూడా పోతుందట.

పాళీ, దాని కింద నాలుకలా ఉండే ముక్క, ఆ రెండింటినే చల్లటి నీళ్లలో ముంచి పెట్టు తమ్ముడూ. గాజు గ్లాసు అయితే తమాషాగా ఉంటుంది, నీలం దారాల్లా ఇంకు కిందికి దిగుతుంది. దారాలు రావడం ఆగాక తుడిచి ఆరబెట్టు. శానిటైజర్ జోలికి వెళ్లకు. దానివల్ల పార్కర్ 51 లాంటివైతే పగుళ్లిస్తాయి.

తర్వాత ఎప్పుడైనా 51 కొనాలనిపిస్తే 1948 నుంచి వచ్చిన ఏరోమెట్రిక్ రకం చూసుకో. గొట్టం విప్పి లోపలి సంచిని నొక్కి నింపేది. అంతకుముందు రకానికి లోపల రబ్బరు పొర ఉంటుంది, చాలావాటికి అది మార్పించాల్సిందే. కొత్తవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు.

రిటైర్డ్_మాస్టారు:
నాయనా, మా రోజుల్లో బడిలో ఇంకు అయిపోతే పక్కవాడి పెన్నులోంచి బల్ల మీద రెండు చుక్కలు వేయించుకుని పీల్చుకునేవాళ్లం. ఆ అలవాటుతో చెబుతున్నాను. మీరందరూ పైన చూస్తున్నారు గానీ, అది రాస్తుందో లేదో ఒక్కరూ అడగలేదు.

కోసూరి వెంకటరత్నంగారు రాజమండ్రిలో ఈ పెన్నులు మొదలుపెట్టిందే గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని. గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్పగారి ద్వారా పంపిన పెన్ను అందాక గాంధీగారు 1935 జూలైలో జాబు రాశారు. వాడి చూశాననీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే ఉన్నట్టుందనీ అందులో సారాంశం. చూశారా, ముందు వాడారు, తర్వాతే మెచ్చుకున్నారు. మెరుపు ఊసే లేదు.

కాబట్టి శుభ్రం చేసి, మామూలు బ్రిల్ నీలం ఇంకు పోసి రాసి చూడు. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం వద్దు, ఎండితే పాళీ పూడుకుపోతుంది. ఫిల్లర్‌తో పోసే పెన్ను గనక మరలకి కొంచెం సిలికాన్ గ్రీజు రాయి. ఇంకు సగానికి తగ్గాక మళ్లీ నింపేయి. లోపల గాలి ఎక్కువైతే చేతి వేడికి అది వ్యాకోచించి పాళీ దగ్గర బొట్లు కారుతుంది. ఈ రకం పెన్ను పెట్టుకుని తెల్ల చొక్కా వేసుకున్న ప్రతివాడికీ ఇది అనుభవమే.

కరణంగారి_మనవడు:
అందరికీ థాంక్స్. మాస్టారు చెప్పినట్టే చేశాను. మూడు రోజులు పట్టింది దారాలు ఆగడానికి. గోదారి గట్టు గారూ, అక్షరాలు ఉన్నాయి. రాజమండ్రి పూర్తిగా చదవొచ్చు, రత్నంలో చివరి సున్నా అరిగిపోయింది.

ఇంకు పోసి రాస్తే మొదట కాగితాన్ని గీరింది. పాళీ పాడైందనుకున్నాను. పెన్నుని వేళ్ల మధ్య కొంచెం ఎడమకి తిప్పగానే గీర ఆగిపోయి సాఫీగా సాగింది. తాతయ్య అలా ఏటవాలుగా పట్టుకునేవారట, పాళీ మొన ఆయన చేతికే అరిగిందన్నమాట. నాన్న తీసుకుని సంతకం పెట్టబోయారు, ఆయనకి రాయలేదు. అలా పట్టుకునే ఉండి బొటనవేలితో వెనక గాట్లు తడుముతూ కూర్చున్నారు. "పాలిష్ సంగతి దీపావళి అయ్యాక చూద్దాంలే" అన్నారు.

ఒక్క సందేహం. క్లిప్పుకి పచ్చగా చిలుము పట్టింది. దాన్నైనా తోమొచ్చా?

గోదారి_గట్టు:
పొడి మెత్తటి గుడ్డతో ఒత్తకుండా తుడవండి, అంతే. పైన పూత ఉంటే అది చాలా పల్చన. చింతపండు, నిమ్మకాయ పెట్టారంటే పూత కూడా లేచిపోతుంది.

సిరాబుడ్డి:
చింతపండు మాట నన్ను ఉద్దేశించే అన్నారని అర్థమైంది. మనవడు గారూ, దీపావళి అయ్యాక మళ్లీ అడగండి. నా మాట అప్పుడూ ఇదే.