ఉల్లిపాయలు తరిగి ఫ్రీజర్‌లో పెడితే రుచి పోతుందా?

సాయంత్రం_వంట: సెలవు రోజు కూర్చుని వారానికి సరిపడా ఉల్లిపాయలు తరిగి ఫ్రీజర్‌లో పెట్టుకుంటున్నాను. రుచి పోయిందని ఇంట్లో రోజూ గొడవ. నిజంగా పోతుందా, లేక ఫ్రీజర్‌లోంచి తీయడం చూసి అలా అంటున్నారా?

ఎర్రగా_వేగాలి: పోతుంది. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరే. అది గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి. ఆ ముక్కని బాణలిలో వేస్తే వేగదు, ఉడుకుతుంది. నీరు ఇగిరేదాకా వేడి 100 డిగ్రీలు దాటదు, అందాకా రంగూ రాదు, ఆ కమ్మటి వాసనా రాదు.

మూతలేని_డబ్బా: వాసనంటే గుర్తొచ్చింది, మా ఐస్ ముక్కలన్నీ ఉల్లి కంపే.

సాయంత్రం_వంట: గాలి తీసేసి రెండు కవర్లలో కట్టండి, రాదు.

నిదానం: ఎర్రగా_వేగాలి గారూ, మీరు కరిగాక వేస్తున్నట్టున్నారు. కరగనివ్వకుండా నేరుగా వేడి నూనెలోకి, వెడల్పాటి బాణలిలో, పెద్ద మంట మీద, కొంచెం కొంచెంగా వేయాలి (చిటపటలాడుతుంది, కాస్త దూరంగా నిలబడండి). తరిగాక ముందు పళ్ళెంలో పలచగా పరిచి గడ్డకట్టించి, తర్వాత కవర్లో పోసుకుంటే ముక్కలు అంటుకోవు, కావలసినన్నే తీసుకోవచ్చు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి పాడవుతాయన్న టెన్షన్ అక్కర్లేదు, రుచి కోసమైతే మూడు నుంచి ఆరు నెలల్లో వాడేయండి. పచ్చిగా తినడానికి మాత్రం పనికిరావు.

ఎర్రగా_వేగాలి: నేరుగా వేస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? నేను అడిగేది అదొక్కటే.

నిదానం: తాజా ముక్కలోనూ అంతే నీరుంది కదండీ. అది మెల్లగా వదులుతుంది, ఇది ఒక్కసారిగా వదిలేస్తుంది. కాసేపు ఎక్కువ వేయించాలి, అంతే.

కొత్తసభ్యుడు: కోసిన ఉల్లిపాయ చుట్టూ ఉన్న బ్యాక్టీరియాని లాగేసుకుని విషమవుతుందట కదా?

నిదానం: అది వాట్సాప్ పుకారు.

ఎర్రగా_వేగాలి: మళ్ళీ చెప్తున్నా, "కాసేపు ఎక్కువ" అని మీరే అన్నారు. అంటే తేడా ఉన్నట్టే కదా. అయినా రెండు ఉల్లిపాయలు తరగడానికి ఎంతసేపు పడుతుందండీ? బద్ధకానికి సైన్స్ అడ్డం పెట్టుకోవడం ఎందుకు?

సాయంత్రం_వంట: మీ ఇంట్లో తరిగేది మీరేనా?

ఎర్రగా_వేగాలి: ఇక్కడ ప్రశ్న అది కాదు.

సాయంత్రం_వంట: నాకు అదే ప్రశ్న. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచీ విడవకముందే కత్తి పట్టుకుని, కళ్ళు మండుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, పక్క గదిలోంచి ఇంకా ఎంతసేపు అని కేకలు వింటూ వండే మనిషిని నేను. రుచి పోయిందనేవాళ్ళంతా తినేవాళ్ళే. ఒక్కరైనా లేచి వచ్చి నాలుగు ఉల్లిపాయలు తరిగిస్తే నాకు ఫ్రీజర్‌తో పనేముంది?

మూతలేని_డబ్బా: అక్కా, అదీ మాట.

ఎర్రగా_వేగాలి: నన్ను మీ ఇంట్లోవాళ్ళతో కలిపేయకండి. నేను పనిచేసే చోట క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి ఈ ఫ్రీజర్ ముక్కల వంటే, చప్పగా, నీళ్ళనీళ్ళగా. ఇంట్లోనైనా బాగా వేగిన ఉల్లిపాయ తినాలనుకోవడం నేరమా?

సాయంత్రం_వంట: నేరం కాదు. వేయించుకోండి.

పొయ్యి_ముందు: మధ్యలో ఒక మాట. నేను ఒకేసారి చాలా ఎర్రగా వేయించి, చల్లార్చి, ఐస్ ట్రేల్లో పెట్టి గడ్డకట్టిస్తాను. నీరు ముందే ఇగిరిపోతుంది కాబట్టి ఆయన గొడవా ఉండదు, సాయంత్రం ఈవిడకి తరిగే పనీ ఉండదు.

సాయంత్రం_వంట: బాగుంది. మరి సెలవు రోజు గంటసేపు పొయ్యి ముందు నిలబడి వేయించేదెవరు?

పొయ్యి_ముందు: మా ఇంట్లో మా ఆయన. రేడియో పెట్టుకుని వేయిస్తారు.

కొత్తసభ్యుడు: ఉల్లికాడలు కూడా ఇలా పెట్టుకోవచ్చా?

నిదానం: పెట్టుకోవచ్చు. కడిగాక తడి పూర్తిగా ఆరనిచ్చి తరగండి, లేకపోతే గడ్డకట్టి ముద్దవుతాయి.