సమస్యాపూరణం: పగులగొట్టువాడె బాగుచేయు

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

పగులగొట్టువాడె బాగుచేయు

విషయం కూడా నేనే ఇస్తున్నాను. కొండదారుల్లో తిరిగే ఫోర్‌వీల్ బండి వెనక ఇరుసు మీద పట్టేసిన బేరింగు. చాలా బళ్ళలో బేరింగునూ, దాన్ని కదలకుండా ఆపే రింగునూ ఇరుసు మీదికి ప్రెస్సుతో ఎక్కిస్తారు. బురద, నీళ్ళు చేరి తుప్పు పడితే పుల్లర్‌కు (లాగి ఊడదీసే పనిముట్టుకు) లొంగవు. యతి చూసుకోండి, ప్రాస నియమం లేదు.

పూరణ 1

ఇరుసు మీది రింగు నెంతయో లాగినా
కదలదాయె నింత గట్టి పట్టు
ఉలిని పెట్టి దెబ్బ యొక్కటి వేసితి
పగులగొట్టువాడె బాగుచేయు

– గణాలు, యతులు చక్కగా కుదిరాయి. ఇ–ఎ, ఉ–ఒ స్వరయతులు బాగున్నాయి. అయితే మూడో పాదం నుంచి నాలుగో పాదానికి దూకినట్టుంది. ఒక్క దెబ్బకే రింగు పగలదండీ. ముందు దాన్ని బలహీనం చేయాలి, ఆ మాట పద్యంలో లేదు.

– రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోకుండా బేరింగు మీద సుత్తి ఎత్తకండి. ఆ ఉక్కు గట్టిదే కానీ పెళుసు. ముక్క ఎగిరిందంటే కంట్లోకే వస్తుంది.

పూరణ 2

మంట పెట్టి కాల్చ మాయమై పోయెను
బిగువు, రింగు వచ్చె సులువుగాను
పట్టు విడువజేసి పని ముగించితి నిట్లు
పగులగొట్టువాడె బాగుచేయు

– రెండో పాదంలో యతి తప్పింది. ‘బి’కి ‘సు’ చెల్లదు. ‘వచ్చె వేగమూడి’ అంటే బి–వే కుదురుతుంది.

– పద్యం కన్నా పని గురించే నాకు బాధగా ఉంది. మంట ఇరుసును తాకితే దానికి పోసిన పదును పోతుంది. ఉక్కు నీలం రంగు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్ళినట్టే. అలాంటి ఇరుసుతో రాళ్ళ దారి ఎక్కడం ప్రమాదం. పైగా ఇందులో పగులగొట్టింది ఏదీ లేదు, సమస్య గాల్లో నిలబడింది.

– ఒప్పుకుంటున్నాను గురువుగారూ. మరి వేడి అసలే పనికిరాదా?

– ఎక్కించేటప్పుడు పనికొస్తుంది. కొత్త బేరింగును 110 డిగ్రీల దాకా, మంట లేకుండా, సమంగా వేడి చేస్తే 40 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. ఆ కాస్త చాలు. సీలు ఉన్న బేరింగైతే తయారీదారు చెప్పిన హద్దు దాటకండి.

పూరణ 3

గాడి కోసి యాపి గాయ మిరుసుకంట
నీక యులిని మోపి నిలిచి కొట్ట
టంగుమన్న మోత టప్పున విడెఁ బట్టు
పగులగొట్టువాడె బాగుచేయు

– ఆహా! ‘కోసి యాపి’ దగ్గరే ఈ పద్యం గెలిచింది. రింగు మందంలో ముప్పావు వంతు దాకా గ్రైండర్‌తో గాడి తీసి ఆగిపోవాలి. ఇంకొక్క చుట్టు తిప్పితే ఇరుసు మీద గీత పడుతుంది, ఆ గీత దగ్గరే ఎప్పుడో ఇరుసు విరుగుతుంది. గాడిలో ఉలిని నిలబెట్టి కొడితే మొదటి రెండు దెబ్బలూ మొద్దుగా వినిపిస్తాయి. మూడో నాలుగో దెబ్బకు మోత మారుతుంది, గాడి అడుగున వెంట్రుకంత చీలిక కనిపిస్తుంది. అంతే, రింగును చేత్తో జరపొచ్చు. ‘అంట/నీక’ అని పాదాల మధ్య మాట విరిచారు. ఆటవెలదిలో అది దోషం కాదు. ఇక్కడైతే చేయి ఆగిన చోటే మాటా ఆగింది.

– బేరింగు లోపలి రింగుకూ ఇదే పద్ధతా?

– అదేనండీ. కాకపోతే అది గట్టి ఉక్కు, దానిలోకి డ్రిల్లు దిగదు, గ్రైండరే దిక్కు.

పూరణ 4

ప్లేటు మరచి ముందు బేరింగు నెక్కించి
తలను పట్టుకొంటి, తప్పదింక
కొత్తదాని నేనె కోయగా వలసెను
పగులగొట్టువాడె బాగుచేయు

– ప్లే–బే యతి ముచ్చటగా ఉంది. బేరింగును పట్టి ఉంచే ప్లేటు దానికన్నా ముందే ఎక్కాలి, అది మరిచి తానే పగులగొట్టుకోవడంతో సమస్యకు కొత్త అర్థం కూడా వచ్చింది. విప్పేటప్పుడే వరుసగా ఫోటోలు తీసుకోండి తమ్ముడూ. ప్లేటు, సీలు, బేరింగు, చివర రింగు అనేదే మామూలు వరుస, అయినా బండిని బట్టి మారుతుంది.

– ఈసారి ప్లేటు ముందే వేశానండీ. రింగు కూడా కొత్తదే తెచ్చాను, పాతది మళ్ళీ వాడకూడదన్నారు.